సూపర్ హీరో సినిమా వసూళ్లను ముందస్తు రివ్యూలు నిజంగా మారుస్తాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: "రిలీజ్‌కి రెండు మూడు రోజుల ముందు రివ్యూలు చెత్తగా వస్తాయి, అయినా మొదటి వీకెండ్‌లో కోట్ల డాలర్లు వచ్చి పడతాయి. ఇంకో సినిమాకి రివ్యూలు అద్భుతంగా ఉంటాయి, అయినా జనం రారు. మరి సూపర్ హీరో సినిమాల విషయంలో క్రిటిక్స్ మాటకి విలువ ఉన్నట్టా, లేనట్టా?"

నేను అమెరికాలో ఒక థియేటర్ చైన్‌లో షోలు కేటాయించే విభాగంలో 14 ఏళ్లుగా పని చేస్తున్నాను. ఏ సినిమాకి ఎన్ని స్క్రీన్లు ఇవ్వాలి, అన్నిటికన్నా పెద్ద స్క్రీన్ ఎవరికి వెళ్లాలి, సోమవారం ఎవరి షోలు తగ్గించాలి అన్నది మా పని. రివ్యూలు ఎప్పుడు బయటికొచ్చినా, వాటి పక్కనే టికెట్ల అమ్మకాల షీటు తెరిచి పెట్టుకుని చూసే అలవాటు నాది. నేను చెప్పేదంతా ఆ షీట్లు చూసీ చూసీ ఏర్పడిన అభిప్రాయమే. లెక్కలు కూడా, వేరేగా చెప్పని చోట, అమెరికా, కెనడా వసూళ్లవే.

సూటిగా జవాబు చెప్తాను. ముందస్తు రివ్యూలు మొదటి రోజును పెద్దగా కదిలించలేవు. వాటి ప్రభావం శనివారం మధ్యాహ్నం నుంచి మొదలై, రెండో వీకెండ్‌లో బయటపడుతుంది. మంచి రివ్యూ చేసే మేలు కన్నా చెడ్డ రివ్యూ చేసే కీడు ఎక్కువ. హీరో జనానికి ఎంత కొత్తవాడైతే రివ్యూ బలం అంత పెరుగుతుంది. ఇక రివ్యూలకీ ప్రేక్షకుల టాక్‌కీ పొంతన కుదరనప్పుడు గెలిచేది టాకే. ఇందులో ప్రతి మాటకీ మినహాయింపులు ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

ముందు మొదటి రోజు సంగతి. ఎంబార్గో అనే మాట మీరు వినే ఉంటారు. సినిమా ముందుగా చూసిన విలేకరులు ఫలానా రోజు ఫలానా గంట దాకా రివ్యూ బయటపెట్టకూడదని స్టూడియో పెట్టే షరతు అది. ఆ గడువు ముగిసిన సాయంత్రం మా ఆఫీసులో ఎలా ఉంటుందో చెప్తాను. అడ్వాన్స్ బుకింగ్స్ షీటు గంట గంటకీ మారుతుంటుంది. గురువారం సాయంత్రం ప్రీమియర్ షోల్లో మధ్య వరుసలు అప్పటికే నిండిపోయి ఉంటాయి, చాలా సీట్లు బుకింగ్స్ తెరిచిన రోజే అమ్ముడుపోయి ఉంటాయి. ఒకటి, రెండు, మహా అయితే మూడేసి టికెట్లుగా కొన్నవి అవి. రివ్యూలు ఎంత ఘోరంగా వచ్చినా ఆ సీట్లు వెనక్కి రావు. టికెట్లు క్యాన్సిల్ చేసుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆ అభిమాని ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు, ఎవరో బాగోలేదన్నారని ఆగడు. బాగోలేకపోయినా అది తన కళ్లతో చూసి తేల్చుకోవాలి.

మార్పు కనిపించేది శనివారం మ్యాట్నీ, ఆదివారం పగటి షోల్లో. అక్కడ టికెట్లు నాలుగు, ఐదు కలిపి తీసుకుంటారు. పిల్లలున్న ఇల్లు, స్నేహితుల గుంపు, లేదంటే ఇద్దరిలో ఒకరికే ఈ సినిమా మీద ఇష్టం ఉన్న జంట. వీళ్లు వారం మధ్యలో ఫోన్‌లో, రివ్యూలన్నీ పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటులో ఆ సినిమాని మెచ్చిన క్రిటిక్స్ శాతం చూస్తారు. "వచ్చే వారం చూద్దాంలే" అనుకుంటారు. ఆ వచ్చే వారం చాలాసార్లు రాదు. రివ్యూ చెడ్డగా వచ్చిన సినిమాకి ఈ వరసలు నిండటం నెమ్మదిస్తుంది. సున్నాకి పడిపోదు, వేగం తగ్గుతుంది, అంతే. అలవాటైన కంటికి మాత్రం బుధవారం రాత్రికే అది తెలిసిపోతుంది.

ఒకే స్టూడియో నుంచి ఏడాది తేడాలో వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెడితే ఇది బాగా అర్థమవుతుంది.

2016 మార్చి 25న ‘బ్యాట్‌మాన్ వర్సెస్ సూపర్‌మాన్’ వచ్చింది. ప్రపంచంలో అందరికీ తెలిసిన ఇద్దరు హీరోలు, నటులతో తీసిన పెద్ద సినిమాలో మొదటిసారి ఒకే తెర మీద. రిలీజ్ వారంలో రివ్యూలు వచ్చాయి, రాటెన్ టొమాటోస్‌లో శాతం 30 లోపే ఆగింది. అయినా మొదటి వీకెండ్ 16.6 కోట్ల డాలర్లు. ఆ లెక్క చూసిన చాలామంది "క్రిటిక్స్ పని అయిపోయింది" అన్నారు. రోజువారీ లెక్క చూడండి: గురువారం ప్రీమియర్లతో కలిపి శుక్రవారం సుమారు 8.2 కోట్లు, శనివారం 5.1 కోట్లు, ఆదివారం 3.4 కోట్లు. ఆదివారం ఈస్టర్ పండగ, కొంత తగ్గుదల దాని ఖాతాలో వేయాల్సిందే. కానీ పండగ లేని రెండో వీకెండ్‌లో 69 శాతం పడిపోయింది. మొత్తం రన్‌లో వచ్చింది 33 కోట్లు. అంటే మొదటి మూడు రోజుల్లో ఎంత వచ్చిందో, మిగతా రోజులన్నీ కలిపి దాదాపు అంతే. అచ్చంగా ఆరంభ శూరత్వం.

2017 జూన్ 2న ‘వండర్ ఉమన్’. రివ్యూలు రిలీజ్ వారంలోనే వచ్చాయి, శాతం తొంభై దాటింది. ఓపెనింగ్ 10.3 కోట్లు, అంటే పాత సినిమాకన్నా 6 కోట్లు తక్కువ. రెండో వీకెండ్ తగ్గుదల 43 శాతం మాత్రమే. మొత్తం రన్ 41.2 కోట్లు, ఓపెనింగ్‌కి నాలుగు రెట్లు. ఒక మామూలు సూపర్ హీరో సినిమా ఓపెనింగ్‌కి రెండున్నర రెట్లు తెస్తే మేము సంతృప్తి పడతాం. నాలుగు రెట్లు అన్నది ఈ తరహా సినిమాల్లో చాలా అరుదు. ఆ వేసవిలో ఏడో వారంలో కూడా ఆ సినిమాకి సాయంత్రం షోలు ఉంచమని మేనేజర్లే అడిగేవాళ్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ తేడా అంతా రివ్యూల వల్లే వచ్చిందని నేను అనను. సినిమాస్కోర్ అని ఒక సంస్థ ఉంది, రిలీజ్ రోజు రాత్రి థియేటర్ నుంచి బయటికొచ్చే జనం చేతికి కార్డు ఇచ్చి గ్రేడ్ వేయమంటుంది. అందులో మొదటి సినిమాకి బి, రెండోదానికి ఎ వచ్చాయి. బి అంటే బడిలో మంచి గ్రేడే. టికెట్ కొనుక్కుని మొదటి రోజే వచ్చిన అభిమాని బి వేశాడంటే మాకు గుండెల్లో రాయి పడినట్టే, ఎందుకంటే సూపర్ హీరో సినిమాలకి ఎ, ఎ మైనస్ రావడం మామూలు. కాబట్టి ఆ రెండు సినిమాల్లోనూ క్రిటిక్స్ చెప్పిందీ జనం చెప్పిందీ ఒకటే. రివ్యూ నడిపించిందా, సినిమాయే అలా ఉందా అన్నది విడదీయడం కష్టం.

ఈ చిక్కుముడి మీద చదువుకున్నవాళ్లు కూడా పని చేశారు. 1997లో ఎలియాష్‌బర్గ్, షుగన్ అనే ఇద్దరు పరిశోధకులు క్రిటిక్స్ ప్రేక్షకులని ప్రభావితం చేస్తారా, లేక జరగబోయేది ముందే చెప్తారా అన్న ప్రశ్న వేసుకుని, రివ్యూలకి మొదటి వారాల వసూళ్లతో కన్నా తర్వాతి వారాల వసూళ్లతో, మొత్తం వసూళ్లతోనే పొంతన ఉందని తేల్చారు. అంటే రివ్యూ ఎక్కువగా జోస్యం లాంటిదని. 2003లో బసురాయ్, చటర్జీ, రవిద్ అనే ముగ్గురు, మొదటి వారంలో చెడ్డ రివ్యూ చేసే నష్టం మంచి రివ్యూ చేసే లాభం కన్నా ఎక్కువని చూపించారు. రెండూ ఫోన్‌లో శాతం చూసి టికెట్ కొనే రోజుల ముందు చేసినవే. అయినా నా షీట్లలో కనిపించేది వాళ్లు చెప్పినదానికి చాలా దగ్గరగా ఉంటుంది.

చెడ్డ రివ్యూ ఎందుకు ఎక్కువ దెబ్బ తీస్తుంది? నాకు అర్థమైనంతవరకు కారణం చిన్నదే. సూపర్ హీరో సినిమాకి వెళ్లేవాడు బాగుంటుందనే అనుకుంటాడు. బాగుందని రివ్యూ వస్తే అతనికి కొత్తగా తెలిసింది ఏమీ లేదు. బాగోలేదని వస్తేనే ఆలోచనలో పడతాడు. పైగా నలుగురు కలిసి వెళ్లేటప్పుడు వద్దనడానికి ఒక్కడు చాలు. ఆ ఒక్కడి చేతికి చెడ్డ రివ్యూ ఒక సాకు ఇస్తుంది.

హీరో తెలియనివాడైతే లెక్క మారుతుంది. 2018 డిసెంబర్‌లో వచ్చిన ‘స్పైడర్‌మాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్’ గుర్తుందా? పేరు స్పైడర్‌మాన్ అయినా హీరో పీటర్ పార్కర్ కాదు, పైగా అది యానిమేషన్. మామూలుగా పెద్దవాళ్లు పిల్లల సినిమా అని పక్కన పెట్టేసేదే. రిలీజ్‌కి రెండు వారాల ముందే రివ్యూలు విడిచిపెట్టారు, ప్రతి ఒక్కరూ ఆకాశానికెత్తారు. ఓపెనింగ్ 3.5 కోట్లే. మొత్తం రన్ 19 కోట్లు, ఐదు రెట్ల పైమాట. క్రిస్మస్ సెలవులు సాయపడ్డాయి, సినిమాస్కోర్ ఎ ప్లస్ సాయపడింది, కానీ "ఇది పెద్దవాళ్లు కూడా చూడాల్సిన సినిమా" అన్న మాట మొదట పుట్టించింది మాత్రం రివ్యూలే. రెండో వారంలో రాత్రి పది గంటల షోలు అడిగిన యానిమేషన్ సినిమాలు నా అనుభవంలో చాలా తక్కువ. అది వాటిలో ఒకటి.

దీనికి అటు చివర 2015 ‘ఫెంటాస్టిక్ ఫోర్’. అప్పటికే జనంలో ఆసక్తి తక్కువ. రిలీజ్‌కి కాస్త ముందు రివ్యూలు వచ్చాయి, శాతం పది లోపు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఓపెనింగ్ 2.6 కోట్లు, మొత్తం రన్ 5.6 కోట్లు, సినిమాస్కోర్ సి మైనస్. కాపాడుకోవడానికి అభిమానుల గోడ లేని చోట రివ్యూ మొదటి రోజే తగులుతుంది.

ఇక అందరూ పొరపాటు పడే విషయం, ఆ శాతం. రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం అంటే సినిమాకి నూటికి తొంభై మార్కులు అని కాదు. వందమంది క్రిటిక్స్‌లో 90 మంది "పర్వాలేదు, చూడొచ్చు" లేదా అంతకన్నా మెరుగ్గా అన్నారని. ఒక చిన్న లెక్క చూడండి. పదిమంది క్రిటిక్స్ తలా ఐదుకి మూడు ఇచ్చారు. శాతం 100. ఇంకో సినిమాకి ఐదుగురు ఐదుకి ఐదు ఇచ్చారు, మిగతా ఐదుగురు రెండేసి ఇచ్చారు. సగటు మూడున్నర, అంటే మొదటిదానికన్నా ఎక్కువ. శాతం మాత్రం 50. కొందరిని పిచ్చెక్కించి కొందరిని విసిగించే సినిమా ఈ పద్ధతిలో ఎప్పుడూ నష్టపోతుంది. ఎవరినీ నొప్పించని మామూలు సినిమా బాగుపడుతుంది. అందుకే నేను శాతం పక్కనే, క్రిటిక్స్ మార్కులకి సగటు కట్టే మెటాక్రిటిక్ అనే సైటు సగటు కూడా చూస్తాను, రెండూ కాక ఓ ఐదారు రివ్యూలు పూర్తిగా చదువుతాను. "రెండో సగం సాగదీశారు" అన్న ఫిర్యాదు టికెట్లను తగ్గిస్తుంది. "కథ చిన్నపిల్లల కథలా ఉంది" అన్న ఫిర్యాదు ఒక్కోసారి పెంచుతుంది కూడా.

రివ్యూ ఏం చెప్పింది అన్నదాని కన్నా ఎప్పుడు వచ్చింది అన్నది ముందే ఎక్కువ చెప్తుంది. స్టూడియోకి తన సినిమా సంగతి తెలుసు. ధైర్యం ఉంటే ముందే విడిచిపెడుతుంది. 2018 ఫిబ్రవరి 16న రిలీజైన ‘బ్లాక్ పాంథర్’కి రివ్యూలు పది రోజుల ముందే వచ్చేశాయి. ఆ పది రోజుల్లో మా అడ్వాన్స్ షీటులో ప్రతి రోజూ షోలు జోడించాల్సి వచ్చింది. ఓపెనింగ్ 20.2 కోట్లు, రెండో వీకెండ్ 11 కోట్ల పైన, మొత్తం రన్ 70 కోట్లు.

గడువు రిలీజ్‌కి అంటిపెట్టుకుని ఉంటే అనుమానించడం సహజం, కానీ అదే నియమం అనుకోకండి. 2019 ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ రిలీజ్ శుక్రవారం, రివ్యూలు వచ్చింది ఆ మంగళవారం. అక్కడ భయం కథ బయటికి పొక్కుతుందని, సినిమా బాగోదని కాదు. ఓపెనింగ్ 35.7 కోట్లు.

ఆలస్యం చేయడం వల్ల లాభం ఉందా అంటే పెద్దగా లేదనే చెప్తాను. 2017లో ‘జస్టిస్ లీగ్’ శాతాన్ని రాటెన్ టొమాటోస్ తన కొత్త ఆన్‌లైన్ షోలో ప్రకటిస్తామని చెప్పి, ప్రీమియర్లు పడే గురువారం దాకా ఆపింది. రివ్యూలు మాత్రం అంతకు ముందే వచ్చేశాయి. శాతం ఎందుకు దాచారన్న చర్చే పెద్ద వార్త అయింది. ఓపెనింగ్ 9.4 కోట్లు, అంతమంది హీరోలున్న సినిమాకి అది చాలా తక్కువ. ఆలస్యం అయితే అనుమానం వస్తుంది, అనుమానానికి ఏ శాతమూ ఉండదు.

దీనికన్నా ప్రమాదకరమైనది మరీ ముందు చూపించడం. ‘జోకర్’ రెండు భాగాలు సూపర్ హీరో సినిమాలు కావు గానీ, కామిక్స్ నుంచి వచ్చినవే కాబట్టి ఇక్కడ పనికొస్తాయి. 2019లో మొదటి భాగాన్ని రిలీజ్‌కి నెల ముందు వెనిస్ చలన చిత్రోత్సవంలో చూపించారు. గోల్డెన్ లయన్ గెలిచింది. రివ్యూలు అందరివీ బాగా లేవు, కానీ అందరూ దాని గురించే మాట్లాడారు. ఓపెనింగ్ 9.6 కోట్లు, ప్రపంచమంతా కలిపి వంద కోట్ల డాలర్లు దాటింది. 2024లో రెండో భాగాన్నీ అలాగే నెల ముందు వెనిస్‌కి తీసుకెళ్లారు. ఈసారి నిరాశ. ఆ నిరాశ నెల రోజులు ఆనోటా ఈనోటా పాకింది. అడ్వాన్స్ షీటు వారం వారం నీరసించడం కళ్లారా చూశాను. అంత పెద్ద పేరున్న సినిమాకి గురువారం షోల్లో మధ్య వరుసలు ఖాళీగా ఉండటం నాకు కొత్త. ఓపెనింగ్ 3.8 కోట్లు, సినిమాస్కోర్ డి, రెండో వీకెండ్ 81 శాతం పతనం. మొదటి రోజును రివ్యూలు కదిలించలేవు అన్న నా మాటకి బలమైన మినహాయింపు ఇదే. చెడ్డ మాట పాకడానికి రెండు రోజులు కాక నెల దొరికితే అది అభిమానుల దాకా కూడా చేరుతుంది.

స్టూడియో రిలీజ్‌కి ముందు ప్రత్యేకంగా వేసే ప్రదర్శన రాత్రి సోషల్ మీడియాలో వచ్చే తొలి స్పందనలని నేను రివ్యూల కింద లెక్క వేయను. అక్కడికి పిలిచేది స్టూడియో, సినిమా చూసేది హీరో పక్క వరుసలో కూర్చుని. 2023లో ‘ది ఫ్లాష్’ని ఏప్రిల్‌లోనే లాస్ వేగస్‌లో థియేటర్ల వాళ్ల సమావేశం సినిమాకాన్‌లో చూపించారు. పొగడ్తలు హోరెత్తాయి. జూన్‌లో అసలు రివ్యూలు వచ్చేసరికి శాతం అరవైల్లోకి దిగింది. ఓపెనింగ్ 5.5 కోట్లు, రెండో వీకెండ్ 70 శాతం పైగా పతనం. నాకు అందులో బాధ కలిగించింది పతనం కన్నా, ముందు పెంచిన ఆశ. ఆ పొగడ్తలు లేకపోతే అదే సినిమాని జనం కొంచెం మెత్తగా చూసేవారేమో అనిపిస్తుంది.

ఇప్పుడు నేను రివ్యూని నమ్మి దెబ్బ తిన్న సందర్భం. 2018 అక్టోబర్ మొదటి వారం. ‘వెనమ్’ రివ్యూలు ఘోరంగా వచ్చాయి, శాతం ముప్పై దగ్గర. అదే రోజు ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ రిలీజ్, దానికి రివ్యూలు బ్రహ్మాండం. నేను కొన్ని థియేటర్లలో ‘వెనమ్’ సాయంత్రం షోలు తగ్గించి ఆ రెండోదానికి ఇచ్చాను. శనివారం మధ్యాహ్నానికల్లా మేనేజర్ల ఫోన్లు. షోలు చాలడం లేదు, జనం కౌంటర్ దగ్గర నిలబడి తర్వాతి షో ఎప్పుడని అడుగుతున్నారు. ఆ రాత్రి నేనే ఒక హాల్లోకి వెళ్లి వెనక నిలబడ్డాను. హీరో తలలో దూరిన ఆ గ్రహాంతర జీవి, హీరోతో మొగుడూ పెళ్లాల్లా కీచులాడుకునే చోటల్లా హాలు విరగబడి నవ్వుతోంది. సినిమాకి ఒక తీరూ తెన్నూ లేదని రివ్యూల్లో తిట్టింది ఆ కీచులాటనే. క్రిటిక్ రాసింది అబద్ధం కాదు. జనానికి నచ్చింది అదే, అంతే తేడా. ఓపెనింగ్ 8 కోట్లు, అప్పటికి అక్టోబర్ నెలలో అదే రికార్డు. ప్రపంచమంతా కలిపి 85 కోట్ల పైన, అందులో పెద్ద వాటా చైనాది. రెండో సినిమా కూడా బాగా ఆడింది కాబట్టి మా నష్టం పెద్దది కాలేదు, కానీ ఆ శనివారం వెనక్కి వెళ్లిపోయిన జనం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి శాతం చూసి షోలు కోయడం మానేశాను.

మంచి రివ్యూలు ఉన్నా ఆడని సినిమాల సంగతి కూడా మీరు అడిగారు. 2021 ‘ది సూసైడ్ స్క్వాడ్’కి 90 శాతం వచ్చింది, ఓపెనింగ్ 2.6 కోట్లు. కోవిడ్ భయం, అదే రోజు హెచ్‌బీఓ మ్యాక్స్‌లో ఇంట్లో చూసే వీలు, పిల్లలు ఒంటరిగా రాకుండా చేసే ఆర్ రేటింగ్, అయిదేళ్ల కిందట దాదాపు అదే పేరుతో వచ్చిన సినిమా మిగిల్చిన చేదు. ఇన్నిటిని ఒక్క మంచి శాతం తుడిచెయ్యలేదు. 2025 ‘థండర్‌బోల్ట్స్’ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 88 శాతం, సినిమాస్కోర్ ఎ మైనస్, ఓపెనింగ్ 7.4 కోట్లు, మొత్తం 19 కోట్లు. ఓపెనింగ్‌కి రెండున్నర రెట్లు వచ్చాయి, అంటే రివ్యూలూ టాకూ తమ పని చేశాయి. కానీ గుణించాల్సిన మొదటి అంకె చిన్నది. జనానికి ఆ హీరోలు ఎవరో సరిగా తెలియదు. రివ్యూ ఆ సినిమాని నిలబెట్టింది, పుట్టించలేకపోయింది.

నా దృష్టిలో 2023 నుంచి ఒక మార్పు వచ్చింది. అంతకుముందు మార్వెల్ అన్న పేరు ఉంటే చాలు, రివ్యూ చూడకుండా వచ్చే జనం ఉండేవాళ్లు. 2019లో ‘కెప్టెన్ మార్వెల్’ 15.3 కోట్లతో మొదలై ప్రపంచమంతా కలిపి 110 కోట్లు దాటింది. దాని తర్వాతి కథ ‘ది మార్వెల్స్’ 2023 నవంబర్‌లో 4.6 కోట్లతో మొదలై, రెండో వీకెండ్‌లో 78 శాతం పడి, ప్రపంచమంతా కలిపి 20 కోట్లకి కాస్త పైన ఆగిపోయింది. అదే ఏడాది ‘యాంట్‌మాన్’ మూడో భాగం 10.6 కోట్లతో మొదలై రెండో వీకెండ్‌లో 70 శాతం పడింది. మే నెలలో వచ్చిన ‘గార్డియన్స్’ మూడో భాగం మాత్రం 11.8 కోట్లతో మొదలై 48 శాతమే తగ్గి, 36 కోట్ల దగ్గరికి వెళ్లింది. ఓపెనింగ్‌లు దాదాపు ఒకటే, మొత్తం రన్‌లో తేడా 14 కోట్లకి పైనే. రెంటికీ రివ్యూల్లోనూ టాక్‌లోనూ ఉన్న తేడా ఇది. అడగకుండా వచ్చే జనం తగ్గారు, ఆగి చూసి వచ్చే జనం పెరిగారు. అందుకని రివ్యూల బలం పదేళ్ల కిందటికన్నా ఇప్పుడే ఎక్కువని నా నమ్మకం.

మీరే ఒక సినిమాని అంచనా వేయాలనుకుంటే నేను చేసే పని చెప్తాను. రివ్యూల మొదటి రోజు శాతాన్ని పట్టించుకోను. ముందు పిలిచి చూపించినవాళ్ల అభిప్రాయాలే అందులో ఎక్కువ, సాధారణంగా రిలీజ్ నాటికి కొన్ని పాయింట్లు కిందికే దిగుతుంది. శుక్రవారం రాత్రి సినిమాస్కోర్ చూస్తాను. ఆదివారం కూర్చుని ఒక తీసివేత చేస్తాను: శుక్రవారం లెక్కలోంచి గురువారం ప్రీమియర్ల వసూళ్లు తీసేస్తాను, ఎందుకంటే స్టూడియోలు ఆ రెంటినీ కలిపి ప్రకటిస్తాయి. మిగిలిన అసలు శుక్రవారం పక్కన శనివారం పెడతాను. సెలవు రోజు కాబట్టి శనివారం పెరగాలి. ‘బ్యాట్‌మాన్ వర్సెస్ సూపర్‌మాన్’కి ప్రీమియర్లు సుమారు 2.8 కోట్లు. అవి తీసేస్తే అసలు శుక్రవారం 5.4 కోట్లు, శనివారం 5.1. పెరగాల్సిన రోజు తగ్గింది. ‘వండర్ ఉమన్’కి ప్రీమియర్లు 1.1 కోట్లు. తీసేస్తే అసలు శుక్రవారం 2.7 కోట్లు, శనివారం 3.5. మొదటిదానికి మూడో వారం నుంచి పెద్ద స్క్రీన్ తీసేయాలని ఆ ఆదివారమే రాసి పెట్టుకున్నాను. రెండోదానికి సోమవారం పొద్దున మొదటి ఫోన్‌లోనే షోలు పెంచాను.